శ్రీ లైట్ వర్జీనియా గారి సముఖమునకు

మహారాజశ్రీ లైట్ వర్జీనియా పైపు పొగాకు గారికి, గాజువాక నుంచి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం, నా నాలుక తప్ప. మీ క్షేమం కనుక్కుందామనే నిన్న ఆదివారం పూట, పెరుగన్నం దాకా కూడా ఆగకుండా, మే నెల ఎండలో బస్సెక్కి జగదాంబ జంక్షన్‌కి వచ్చాను. శుక్రవారం షాపతను ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? "లైట్ వర్జీనియా రెండు రకాలొచ్చాయి సార్. పక్కపక్కన పెట్టుకుని చూసుకుందురు గాని, మీకోసమే తీసి ఉంచాను."

తీసి ఉంచిన మాట నిజమే. ఒకటి చెర్రీ సెంటు కొట్టిన మిక్స్చర్. మూత తీస్తే పుట్టినరోజు కేకు వాసన. రెండోది సిగరెట్లు చుట్టుకునే పొగాకు. ఇది నేనడిగింది కాదు బాబూ అంటే, "ఏటి సార్, అదీ పొగాకే, ఇదీ పొగాకే" అని అద్వైతం బోధించాడు. అక్కడి నుంచి పూర్ణా మార్కెట్‌కి వెళితే కాడ పొగాకు చూపించారు. డాబా గార్డెన్స్‌లో హుక్కాలో వేసే ద్రాక్షపండు ముద్ద. ద్వారకా నగర్‌లో పాన్‌షాపు కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "వర్జీనియానా అంకుల్? కన్సల్టెన్సీ మేడ మీద" అన్నాడు. వాణ్ని మాత్రం క్షమించాను.

అసలు తగువు షాపులతో కాదు, తమరితోనే. మీ పేరు ముందు ఆ 'లైట్' ఏమిటండీ?

సంక్రాంతికి మా మేనల్లుడు విదేశాల నుంచి వస్తూ 50 గ్రాముల డబ్బా ఒకటి తెచ్చాడు. దాని మీద లైట్ అని ఉంది. లైట్ అన్నారు కదా అని పరగడుపున డాబా ఎక్కి, ఒక పైపు నిండా కూరి, పక్కింటివాళ్ల గాలిపటాలు చూస్తూ కాల్చాను. పది నిమిషాలకి గాలిపటాలు నిలబడ్డాయి, డాబా ఎగరడం మొదలుపెట్టింది. నీళ్ల ట్యాంకు రెండు చేతులతో కౌగిలించుకుని కూర్చున్నాను. మా ఆవిడ పైకొచ్చి, "ట్యాంకు లీకవుతోందా?" అంది. అవునన్నాను.

మా బామ్మర్దిది కొయ్యలగూడెం. పొగాకు రైతు, ఆకుని వేడికి ఆరబెట్టే సొంత బ్యారన్ ఉంది. వేలం ప్లాట్‌ఫారం దగ్గరుండగా ఫోన్ చేసి నా గోడు చెప్పుకుంటే పగలబడి నవ్వాడు. "అయ్యో బావా, లైటంటే రంగు! ఆకు నిమ్మపండులా వస్తే రేటు. ఘాటు సంగతి ఎవడడిగాడు?" ఆకు కర్రలకి కట్టి బ్యారన్‌లో వేలాడదీస్తారు. కింద గొట్టాల్లో వేడి పోతుంది, పొగ ఆకుని తాకదు. వారం రోజులు కంటి మీద కునుకు లేకుండా ఆ వేడిని కాస్తేగాని పసుపు తేలదు, ఆకులో తీపి నిలవదు. ఆ చక్కెర వల్లే గబగబా పీలిస్తే వేడెక్కి నాలుక కాలుతుందట. ఈ ముక్క డబ్బా మీద రాస్తే మీ సొమ్మేం పోయింది?

సిగరెట్ పెట్టెల మీద లైట్, మైల్డ్ అని రాస్తే జనం మోసపోతున్నారని అమెరికావాళ్లు 2010లోనే ఆ మాటలు తీయించేశారు. మీరు మాత్రం పైపు చాటున ఇంకా లైట్ గారే. ఒకరికి లైటంటే రంగు, ఒకరికి ఘాటు, ఇంకొకరికి రుచి. ఇక పోల్చడం దేంతో? నోటు పుస్తకంలో గళ్లు గీసుకున్నాను సార్ నేను, తడి, తీపి, ఘాటు, ఎన్ని అగ్గిపుల్లలు అని. ఓర్లిక్ గోల్డెన్ స్లైస్డ్, క్యాప్‌స్టన్ గోల్డ్, క్యాప్‌స్టన్ బ్లూ అని పేర్లు ఎర్రసిరాతో రాసుకున్నాను. పేర్లున్నాయి, గళ్లన్నీ ఖాళీ. వర్ణనలు చదివి నింపుదామంటే అన్నిటికీ ఒకటే పాట: ఎండుగడ్డి, నిమ్మతొక్క. ఎండుగడ్డి వాసనకి ఇన్ని వేలా? మా పెదనాన్న గడ్డివాము పక్కన నిద్రపోతే డబ్బులు అడిగినవాడు లేడు. మెక్‌క్లెలాండ్ వాళ్ల డబ్బా తీస్తే టమాటా సాస్ వాసన అని లోకమంతా చెప్పుకునేది. అదైనా గుర్తుపట్టొచ్చు కదా అని ఆశపడేలోగా 2018లో ఆ కంపెనీయే మూతపడింది. అదే ఏడు డన్‌హిల్ ఫ్లేక్ అనే రకం ఆగిపోయి, తర్వాత పీటర్సన్ పేరుతో వచ్చింది. మీ కుటుంబంలో ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో, ఎవరు ఇంటిపేరు మార్చుకున్నారో తెలుసుకోవడానికే ఒక పంతులుగారు కావాలి.

ఇక్కడి పెట్టెల మీదంటారా, 85 శాతం జబ్బు బొమ్మా, హెచ్చరికానే. మిగిలిన 15లో మీ పేరు, ధర. పోనీలెండి, ఆ బొమ్మ ఒక్కటే నిజం చెబుతోంది. మా నానమ్మ భీమిలి మనిషి. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అంట్లు తోమేది. చివరికి అంగిలి చూపించుకోవడానికి కింగ్ జార్జ్ ఆసుపత్రి చుట్టూ తిరిగింది. నేను మొదటిసారి పైపు కొన్నప్పుడు, ఇది లైట్ నానమ్మా అంటే, "నిప్పు బయటెట్టుకున్నోడికి అన్నీ లైటేరా" అంది.

నిన్న సాయంత్రం ఉత్త చేతులతో ఇంటికొచ్చి పాత డబ్బానే తీశాను. అయిదు ముక్కలు మిగిలాయి. తీపి మామిడితాండ్ర రేకులా ఉంటుందా ముక్క, అంచున బంగారు రంగు, మధ్యలో గోధుమ చార. వేళ్లతో నలిపి పేపర్ మీద ఆరబెట్టాను. ఆరుతుందా? విశాఖ ఉక్కలో గంటసేపు పెడితే ఇంకాస్త తడి తాగి, పేపర్లోని పెళ్లిళ్ల పేరయ్య ప్రకటన కాస్తా పొగాకుకి అంటుకుంది. వెలిగించాను. ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను. మళ్లీ. ఏడో పుల్ల మెత్తబడి తల ఊడిపోయింది. అప్పుడు తిట్టాను నిన్ను. అవును, నిన్నే! గారూ లేదు, గీరూ లేదు. మా బామ్మర్ది ఊళ్లో పండే పంటవి, నీ కోసం ఊరంతా తిరగాలి, దొరకవు. దొరికితే నోరు కాలుస్తావు. నోరు కాల్చకపోతే వెలగవు. పైగా లైట్! ఎవడి తలకాయ లైటు?

ఎనిమిదో పుల్లకి నిలిచింది. చిన్నగా, ఊపిరి పీల్చినంత నెమ్మదిగా లాగితే, నోరు కాలడం లేదు. ఏదో వచ్చింది. తీపి అనలేను. వాన పడబోయే ముందు కళ్లంలో గడ్డి కప్పుతుంటే వచ్చే వాసన. ఛీ, నేనూ ఎండుగడ్డి అనేశాను.

ఇట్లు,
పైపు పట్టుకున్న పాపాత్ముడు

తా.క.: డబ్బాలో నాలుగు ముక్కలున్నాయి. రెండో రకం దొరికి పక్కపక్కన పెట్టేదాకా ముట్టకూడదని ఒట్టు పెట్టుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇప్పుడు మూడున్నాయి.