పడవకు ప్లంబర్

మా బాబాయ్ రిటైరయ్యాక పడవ కొన్నాడు. ఎందుకని మాత్రం అడక్కండి. పిన్ని అడిగి అడిగి వదిలేసింది. హైదరాబాద్ నుంచి సముద్రం దాదాపు 300 కిలోమీటర్లు. దగ్గర్లో ఉన్నదల్లా హుస్సేన్ సాగర్. అందులో సొంత పడవ దింపాలంటే కావాల్సిన అనుమతులూ సంతకాలూ అన్నీ బాబాయ్ తెచ్చుకున్నాడు. ఉద్యోగమంతా చెరువు తూముల దగ్గరే చేసిన మనిషి. నీళ్లూ ఫైళ్లూ రెండూ ఆయనకు అలవాటే.

పడవ ముంబై నుంచి లారీ ఎక్కి వచ్చింది. సెకండ్ హ్యాండ్ సరుకు. 20 అడుగుల ఫైబర్ పడవ, వెనక మోటరు, ముందు ఓ చిన్న గది. ఆ గదిలో వాష్ బేసిన్, చేత్తో పంపు కొట్టే టాయిలెట్. కాలనీ వాళ్లందరూ వచ్చి చూసింది ఆ టాయిలెట్‌నే. మోటరు వైపు ఎవరూ కన్నెత్తలేదు.

"ఇందులోంచి ఎక్కడికి పోతుందండీ?" అని పక్కింటాయన అడిగాడు.

లోపలే ట్యాంకు ఉంటుంది, ఒడ్డుకొచ్చాక ఖాళీ చేయించాలి, నీళ్లలో వదలకూడదు అని బాబాయ్ వివరించాడు.

"సాగర్‌లో కలిస్తే మాత్రం కనిపెట్టేదెవరు లెండి" అని ఆయన వెళ్లిపోయాడు.

సైనిక్‌పురిలో బాబాయ్ ఇంటి పోర్టికోలోకి పడవ, రోడ్డు మీదికి కారు వెళ్లాయి. అసలు సంగతి అక్కణ్ణుంచే మొదలైంది. పడవ వెనక భాగంలో, అడుక్కి ఆనుకుని, అంగుళం వెడల్పున ఓ రంధ్రం ఉంది. అమ్మినవాడు దాని బిరడా ఓ కవర్లో పెట్టి విడిగా పంపాడు. రంధ్రం కనపడితే మూయడమే బాబాయ్ వృత్తిధర్మం. టెఫ్లాన్ టేపు చుట్టి, పానా పట్టి, బలమంతా పెట్టి బిగించాడు.

ఆ రంధ్రం పెట్టిందే పడవ నేల మీద ఉన్నప్పుడు తెరిచి ఉంచడానికి. వాన నీళ్లు పడితే పోవాలిగా. నేల మీద బిరడా తీయాలి, నీళ్లలోకి దింపేముందు పెట్టాలి. పడవలు నడిపేవాళ్లు మరిచిపోకుండా ఆ బిరడాను ఇంజన్ తాళంచెవికి కట్టుకుంటారట. బాబాయ్‌కి ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు. జూన్‌లో రెండు రాత్రులు గట్టిగా కురిసేసరికి పడవ నిండింది. లోపలి టాయిలెట్ మీద ఆకులు తేలాయి.

దోమల మందు కొట్టేవాళ్లు వచ్చారు. వాళ్లకు పూలకుండీల కింద పళ్లేలు, పాత టైర్లు, కూలర్లు తెలుసు. పడవ తెలియదు. చుట్టూ ఒకసారి తిరిగి, పుస్తకంలో "నీటి తొట్టి, పెద్దది" అని రాసుకున్నారు. 2020లో ఊరంతటికీ చెప్పారుగా, ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు కేటాయించి నిలవ నీళ్లు పారబోయమని. ఆ పడవకు పది నిమిషాలు సరిపోలేదు. బిరడా బాబాయ్ బలానికి అంతగా బిగుసుకుపోయింది మరి.

అప్పుడాయనకు వచ్చిన ఆలోచన: పడవలో ఉన్న పైపులన్నీ ఒకసారి పక్కాగా చూపించేద్దామని. ప్లంబర్‌కి ఫోన్ చేశాడు.

ఇక్కడ పిన్ని పక్షాన ఒక మాట చెప్పాలి. వంటింటి సింకులో నీళ్లు దిగడం లేదని ఆవిడ ఇదే ప్లంబర్ కోసం ఎప్పట్నుంచో ఎదురుచూస్తోంది. "రేపొస్తనమ్మా" అంటూనే ఉన్నాడు. పడవ అనగానే పావుగంటలో వచ్చేశాడు. వంటింటి వైపు చూడకుండా పోర్టికోలోనే చెప్పులు విడిచి, నిచ్చెనేసుకుని పడవెక్కాడు.

ఆ ప్లంబర్ పనిమంతుడు, అందులో సందేహం లేదు. బోరు మోటరు శబ్దం విని ఏం పోయిందో చెప్పేస్తాడు. సగం కాలనీకి నల్లా కనెక్షన్లు ఇచ్చింది అతనే. పడవ అడుగున, పలకల కింద నీళ్లు చేరే లోతైన చోటును బిల్జ్ అంటారు. పలక ఎత్తి చూడగానే "ఓ, సంపు" అన్నాడు. బాబాయ్ కూడా "ఆఁ, సంపే" అన్నాడు. వాళ్లిద్దరూ ఆ మాట మీద ఏకమయ్యాక ఇక వెనక్కి తిరిగే పని లేకపోయింది.

ముందుగా వాల్వ్. పడవ గోడకు నీటి మట్టం కింద పెట్టే వాల్వుకు అడ్డంగా తిప్పే పిడి ఉంటుంది. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. చీకట్లో చెయ్యి పెట్టి చూసినా తెలిసిపోతుంది. అది తుప్పు పట్టిందని తీసేసి, గుండ్రటి చక్రం ఉన్న గేట్ వాల్వ్ పెట్టాడు. అది తెరిచి ఉందో మూసి ఉందో తిప్పేవాడికే అనుమానం. "ఇది మా దగ్గర ఇరవై ఏండ్లు పనిచేస్తది సార్" అన్నాడు. చేస్తుంది కూడా, మేడ మీద.

తర్వాత పంపు పైపు. బిల్జ్‌లోంచి నీళ్లు బయటికి తోడే పంపు అడుగున ఉంటుంది. దాని పైపు పడవ గోడ లోపలి వైపున డెక్ కిందిదాకా ఎక్కి, అక్కడ మలుపు తిరిగి, మళ్లీ కిందికి దిగి, గోడలో ఉన్న చిల్లులోంచి బయటికి వెళుతుంది. ప్లంబర్‌కి అది చూసి మనసు చివుక్కుమంది.

"గిదేంది సార్? పైప్ ఊకెనే పైకి వొయ్యి మల్ల కిందికి వస్తున్నది. ఎవడు చేసిండో గానీ అర్ధ రూపాయి పని తెల్వదు. ప్రెజర్ మొత్తం పోతది."

ఆ మలుపు తీసేసి, గోడ చిల్లు నుంచి పంపు దాకా తిన్నగా పైపు వేశాడు. "స్లోప్ ఎట్లొచ్చిందో చూడున్రి సార్" అని చూపించాడు. నిజంగానే అద్భుతమైన స్లోప్. బయటి నుంచి లోపలికి.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఇంట్లో పల్లమంటే రోడ్డు మీది మ్యాన్‌హోల్. పడవలో పల్లమంటే పడవే. చుట్టూ ఉన్న నీళ్లన్నీ పైన, మనం కింద. ఈ చిన్న తేడా ఒక్కటి అర్థమైతే పడవ ప్లంబింగ్ సగం అర్థమైనట్టే. ఆ రోజు పోర్టికోలో ఉన్న ఎవరికీ అర్థం కాలేదు. పైపు పైకెక్కించి దింపేది అందుకే. గోడ చిల్లు ఎప్పుడైనా నీళ్లలో మునిగితే, ఆ నీళ్లు అంత ఎత్తు ఎక్కలేక ఆగిపోవాలని. ప్రెజర్ కొంచెం తగ్గుతుందన్న మాట మాత్రం ప్లంబర్ తప్పు చెప్పలేదు. మునిగిపోకుండా ఉండటానికి కట్టే పన్ను అది.

ఇక అసలు ఘనకార్యం ఫ్లోట్ స్విచ్. పాత స్విచ్ పాడైంది. ప్లంబర్ తన సంచిలోంచి కొత్తది తీశాడు. మేడ మీద ట్యాంకులో వేలాడుతుంది చూడండి, వైరు చివర ప్లాస్టిక్ బుడ్డీ, అదే. బుడ్డీ కిందికి వాలితే మోటరు ఆన్ అవుతుంది, పైకి తేలితే ఆగిపోతుంది. ట్యాంకు నిండి వీధిలోకి కారకుండా ఊరి పరువు కాపాడే స్విచ్ అది. వైర్లు మార్చి కలిపితే తల్లకిందులుగానూ పనిచేస్తుంది, తేలితే ఆన్, వాలితే ఆఫ్. బిల్జ్‌కి కావాల్సింది ఆ రెండోది. జీవితమంతా అతను మొదటి రకంగానే కలిపాడు. ఇక్కడా చెయ్యి దానంతటదే అటే పోయింది.

బాబాయ్ బ్యాటరీ స్విచ్ వేశాడు. అడుగున చుక్క నీళ్లు లేవు, బుడ్డీ వాలి ఉంది. పంపు జుయ్యిమని తిరిగింది. అందరం చప్పట్లు కొట్టాం. ఎవరో బకెట్ నీళ్లు పోసి చూద్దామన్నారు.

"నల్లా దినం తప్పిచ్చి దినం వస్తున్నది సార్. నీళ్లు దండుగ ఎందుకు? తిరుగుతున్నది కద" అన్నాడు ప్లంబర్. నగరవాసులెవరూ కాదనలేని తర్కం.

జూలైలో గాలి బాగుండే ఆదివారం చూసి పడవ దింపాం. వానాకాలం గాలులకు సాగర్ మీద తెరచాపల పోటీలు జరిగే నెల అది. 1562లో తవ్వించిన చెరువు, ఒకప్పుడు ఊరి దాహం తీర్చిన చెరువు, ఇప్పుడు ముక్కు మూసుకుని దాటే చెరువు. అయినా నీళ్ల మీదికి వెళ్లి చూస్తే వేరుగా ఉంటుంది. బాబాయ్ బిరడాను తానే బిగించి, మూడుసార్లు తడిమి చూసుకున్నాడు. పడవ ర్యాంపు మీద నుంచి నీళ్లలోకి జారింది. పంపు జుయ్యిమంటూనే ఉంది.

"విన్నారా? ఒక్క చుక్క ఉండనివ్వదు" అన్నాడు బాబాయ్.

లోపల ఒక్క చుక్కా లేదు కాబట్టే అది తిరుగుతోందని ఎవరికి తెలుసు?

మా వాళ్లందరూ లైఫ్ జాకెట్లు వేసుకుని, పులిహోర గిన్నెతో సహా ఎక్కారు. ఒడ్డుకు కాస్త దూరం వెళ్లగానే, 1992 నుంచి బండ మీద నిలబడ్డ బుద్ధుడు వెనకాల కనిపించేలా ఫోటో కావాలన్నారు. అందరూ పడవ వెనక భాగానికి చేరారు. మా వంశంలో బక్కవాళ్లు తక్కువ. వెనక భాగం దిగింది. దాంతో పంపు పైపు బయటికి వచ్చే చిల్లు నీళ్ల కిందికి వెళ్లింది. పైపేమో మంచి స్లోప్‌లో ఉంది.

కొంతసేపటికి పంపు శబ్దం ఆగిపోయింది.

"చూశారా, మొత్తం తోడేసి ఆగిపోయింది. ఆటోమేటిక్" అన్నాడు బాబాయ్. ఆ ముఖంలో అంత తృప్తి నేను ఆయన పెన్షన్ మంజూరైన రోజున కూడా చూడలేదు.

ముందుగా కనిపెట్టింది పిన్ని. "ఏమండీ, నా చెప్పులు నడుస్తున్నాయి" అంది.

నిజమే. గది గుమ్మం దాటి, ఒకదాని వెనక ఒకటి, తీరిగ్గా వస్తున్నాయి.

బాబాయ్ పరుగెత్తి బిరడా పట్టుకున్నాడు. అది ఉన్నచోటే ఉంది. ఇంకా బిగించాడు. నీళ్లు పెరిగాయి. గేట్ వాల్వ్ తిప్పాడు, మూశాడో తెరిచాడో ఆయనకే తెలియలేదు, మళ్లీ వెనక్కి తిప్పాడు. మా బావ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాడు. అంగుళం చిల్లు అడుగు లోతున ఉంటే నిమిషానికి సుమారు 50 లీటర్లు వస్తాయని, అంటే రెండున్నర వాటర్ క్యాన్లని లెక్క కట్టి చెప్పాడు. మనది అంత లోతు లేదు కాబట్టి తక్కువే వస్తాయని ధైర్యం కూడా చెప్పాడు. లెక్క చెబుతూ వెనక భాగంలోనే కూర్చున్నాడు.

మాతో వచ్చిన బోటు నడిపే ముసలాయన ఒక్కడే తొణకలేదు. "అందరు ముందటికి రాండ్రి" అని ఒక కేక పెట్టాడు. అందరం ఫోటో సంగతి వదిలేసి ముందుకు పరుగెత్తాం. వెనక భాగం లేచింది, చిల్లు నీళ్ల పైకి వచ్చింది, లోపలికి రావడం ఆగింది. ఉన్న నీళ్లు తోడాలి. పంపు మాత్రం మౌనవ్రతంలో ఉంది. ఆయన వంగి, తేలుతున్న బుడ్డీని చేత్తో నీళ్లలోకి అదిమాడు. జుయ్యిమంది. వదిలాడు. ఆగింది.

"సార్, ఇది ఉల్టా ఉంది. మీరు పట్టుకోన్రి" అని బాబాయ్ చేతికిచ్చి తాను స్టీరింగ్ దగ్గరికి పోయాడు.

ఒడ్డు చేరేదాకా బాబాయ్ మోకాళ్ల మీద కూర్చుని, భుజం దాకా నీళ్లలో చెయ్యి పెట్టి, ఆ బుడ్డీ పైకి లేవకుండా పట్టుకునే ఉన్నాడు. పిన్ని పులిహోరను ఓ కవర్లోకి మార్చి, ఆ గిన్నెతో తోడింది. ట్యాంక్ బండ్ మీద 1986లో పెట్టిన మహనీయుల విగ్రహాలన్నీ రోడ్డు వైపు తిరిగి ఉండటం మా అదృష్టం.

సాయంత్రం ప్లంబర్‌ని పిలిచారు. బాబాయ్ కోపంగా చెప్పిందంతా విని, స్విచ్ చూసి, పైపు చూసి, "ఇంట్ల అయితే కరెక్టే ఉంది సార్" అన్నాడు. అందులో అబద్ధం వెతకలేక బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. అతను వైరు ఒకటి మార్చాడు. పైపును మళ్లీ డెక్ కిందిదాకా ఎక్కించి దింపాడు, పళ్లు కొరుకుతూనే. ఈసారి నల్లా నీళ్లే అయినా రెండు బకెట్లు పోసి చూశారు. బుడ్డీ తేలింది, పంపు తిరిగింది, నీళ్లు పోర్టికో దాటి గేటు బయటికి పోయాయి.

దిగుతుండగా పిన్ని నిచ్చెన దగ్గర కాపు కాసి పట్టుకుంది. సింకు బాగయ్యేదాకా నిచ్చెన తియ్యనంది. అతను వంటింట్లోకి వెళ్లి, సింకు కింద దూరి, పైపు విప్పబోతూ ఆగాడు. తల బయటికి పెట్టి అడిగాడు:

"అమ్మా, ముందుగాల ఒక్క మాట చెప్పున్రి. ఈడ నీళ్లు లోపలుండాల్నా, బయటికి పోవాల్నా?"