బషోకి జవాబు రాద్దాం, వ్యాఖ్యానం కాదు

హైకూ అనగానే మూడు పాదాలు రాసి, కింద పేరు పెట్టుకుని ముగించేస్తున్నాం. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. 5-7-5 అక్షరాల లెక్కతో ఉండే ఆ చిన్న జపాన్ పద్యం పుట్టింది 'హొక్కు'గా. అంటే కొందరు కలిసి కూర్చుని అల్లే గొలుసు కవితకి మొదటి పద్యం. దానికి ఇంకొకరు 7-7లో జవాబివ్వాలి.

1691లో వచ్చిన 'సరుమినో' సంకలనంలో 36 పద్యాల గొలుసు ఒకటుంది. జపాన్ మహాకవి బషో శిష్యుడు బొంచో మొదలుపెట్టాడు: ఊరి నడుమ ఏవేవో వాసనలు, పైన వేసవి చందమామ. దానికి బషో జవాబు: 'ఉక్క, అబ్బా ఉక్క' అంటూ గుమ్మం గుమ్మానా గొంతులు. చందమామ ఊసే లేదు, వాసన ఊసూ లేదు. అయినా ఆ వెన్నెల్లో బయటికొచ్చి నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. ఆ తర్వాత ఇంకో శిష్యుడు క్యొరై: రెండో కలుపు పూర్తి కాకుండానే వరి వెన్ను తీసింది. వేడి మిగిలింది, ఊరు మాయమైంది! వరి పొలం తెలిసిన మనకి ఇది ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

పద్ధతి ఇదే. ముందు పద్యంతో కలవాలి, దాని ముందుదాని వైపు మళ్ళీ వెళ్ళకూడదు. అవధానంలో సమస్య పూరించి తాళం వేస్తాం కదా, ఇక్కడ తలుపు తెరిచి పక్కవాళ్ళకి వదలాలి.

పాత మహాకవి హొక్కు తీసుకుని రెండో పద్యం నుంచి మనం రాసే ఆచారం కూడా జపాన్‌లో ఉంది. వాకిఒకోషి అంటారు. మేం నలుగురం బషో కప్ప పద్యంతో ప్రయత్నించాం: పాత చెరువు, కప్ప దూకింది, నీటి చప్పుడు. నేను నీటి మీద వలయాలు రాశాను. "కప్ప చెప్పిందే మళ్ళీ చెప్పావు" అంది మా అక్క. నిజమే. తను రాసింది: గట్టున మరిచిన బిందె, ఎండకి వేడెక్కింది. మూడో మనిషి ఆ బిందెని పెళ్ళివారింటికి మోసుకెళ్ళాడు. చెరువు వెనకబడిపోయింది. ఒంటరిగా కూర్చుంటే ఆ పెళ్ళిల్లు నాకు ఎన్నేళ్ళకైనా తట్టేదా?

1893లో జపాన్ కవి మసఓకా షికి హొక్కు సాహిత్యమే, గొలుసు కవిత మాత్రం సాహిత్యం కాదు అన్నాడు. గొలుసు కవితలో అనుభూతి కన్నా మార్పుకే విలువ ఎక్కువని ఆయన అభ్యంతరం. ఆయనంటే గౌరవమే, కానీ ఈ మాట ఒప్పుకోలేను. బిందె వేడెక్కిందన్న చోట అనుభూతి లేదా?

ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం. ఈసారి బొంచో చందమామతో. బషో జవాబు మూసిపెట్టి, రెండో పద్యం మేమే రాయాలి.