స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ అడ్జస్టింగ్ స్క్రూ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు కూర్చునేది స్టీరింగు బాక్సు మీద, అంటే స్టీరింగు తిప్పుడుని చక్రాల వైపు పంపే పళ్లపెట్టె మీద. లోపలి పళ్ల సందుని సరిచేసేది తమరే. పాత పికప్పు స్టీరింగు లూజయిందంటే చాలు, భీమవరం నుంచి అమలాపురం దాకా అందరి చెయ్యీ ముందు తమరి నెత్తి మీదికే వస్తోందండి. లాక్ నట్టు వదులు చెయ్యడం, తమర్ని ఓ పావు చుట్టు బిగించడం, "ఆయ్, అయిపోయిందండి" అనేసి డబ్బులు లెక్కెట్టుకోవడం. తమరికీ ఆ గౌరవం అలవాటైపోయినట్టుంది.

నేరం చాలాసార్లు తమరిది కాదు. రొయ్యల ట్రేల నుంచి ఉప్పునీళ్లు కారతాయి, చెరువుగట్టు బురద కింద నుంచి కొడుతుంది. టై రాడ్ ఎండు, అంటే చక్రాల్ని కలిపే కడ్డీ చివరి బాల్ జాయింటు, దాని రబ్బరు బూటుకి చిన్న చిరుగు పడితే గ్రీజు బయటికి, ఇసుక లోపలికి. బాలు అరిగి గూట్లో కటకటలాడుతుంటే, పైన తమర్ని బిగిస్తున్నారు!

చూడ్డానికి ఇద్దరు మనుషులు కావాలండి. బండి నేల మీదే ఉండాలి, బరువు లేని జాయింటు తన లూజు దాచేస్తుంది. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, చక్రాలకి రాళ్లు. పవర్ స్టీరింగైతే ఇంజను ఐడిలింగులో, లేకపోతే ఆపేసి. ఒకరు స్టీరింగుని రెండువేళ్లతో అటూ ఇటూ ఆడించాలి. రెండోవారు కింద పడుకుని కాలమ్ క్రాసు (స్టీరింగు కడ్డీలోని మడత జాయింటు), పిట్మన్ ఆర్ము (బాక్సు తిప్పే చెయ్యి), డ్రాగ్ లింకు (ఆ చేతి నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ), టై రాడ్ ఎండ్లు వరసగా చూడాలి. కదలిక ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో దొంగ అక్కడే. కంటికి ఆననిది జాయింటు మీద వేలు పెడితే తెలుస్తుంది. బాక్సే చాసిస్ మీద కదులుతోందేమో కూడా చూడాలి. బోల్టుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి రాలుతుంటే అనుమానమే అక్కర్లేదు.

తరవాత జాకీ, దాని పక్కనే స్టాండు. టైరుని పైనా కిందా పట్టుకుని ఊపాలి. బ్రేకు తొక్కిస్తే ఊపు పోయిందా, బేరింగు. పోలేదా, చక్రం మలుపు తిరిగే కింగ్ పిన్నో బాల్ జాయింటో.

స్టీరింగులో లూజు లేకుండానే బండి రోడ్డంతా తిరుగుతుంటే కమాన్ కట్టల (స్ప్రింగు పట్టీల) బుష్షులు, వాటిని బిగించే యూ బోల్టులు, టైర్ల గాలి చూసుకోవాలి. టై రాడ్ ఎండు మారిస్తే నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను కొత్తది, అలైన్‌మెంటు తప్పనిసరి.

1989 మోటారు వాహనాల నియమాల్లో 98వది స్టీరింగు లూజుని 30 డిగ్రీల దాకా క్షమిస్తుంది. 38 సెం.మీ. వ్యాసమున్న స్టీరింగు అంచు మీద అది దాదాపు 10 సెం.మీ.! గట్టుకి అటు చెరువు, ఇటు యనమదుర్రు డ్రెయిను ఉన్నచోట అంత దయ పనికిరాదండి.

పైన చెప్పిన జాయింట్లన్నీ గట్టిగా ఉండి, బాక్సులోకెళ్లే షాఫ్టు తిరిగినా పిట్మన్ ఆర్ము కదలకపోతే, అప్పుడు తమరి గుమ్మంలోకొస్తాం. చక్రాలు తిన్నగా పెట్టి, ఒక్కోసారి ఎనిమిదోవంతు చుట్టే. బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్సు పళ్లు అరిగేది మధ్యలో. అక్కడి లూజంతా పోయేదాకా తమర్ని బిగిస్తే, మలుపులో అరగని పళ్లు పట్టేసుకుని స్టీరింగు తనంతట వెనక్కి రాదు. అలా జరిగితే తమర్ని మళ్లీ వదులు చేసి, బాక్సు విప్పించడమే.

ఇట్లు,
కింద పడుకుని చూసేవాళ్లు