జనవరి ఒకటిన పుట్టిన ఊళ్లు

ఈ వారం మా విశాఖ గ్రూపులన్నింట్లో ఒకటే ఫార్వర్డు. "ప్రభుత్వం గురించి ఆంత్రొపాలజీ (మానవశాస్త్రం) వాళ్లకేం తెలుసు? అరకు వెళ్లి థింసా ఫొటోలు తీసుకోక!" అని మొదలై నాలుగు పాయింట్లు. చివర 'పదిమందికి పంపండి'. పంపేస్తున్నారు, చదువుకున్నవాళ్లు కూడా.

మొదటిది, వీళ్ల చదువు గిరిజనుల దగ్గరే ఆగిపోయిందట. 1940లోనే ఆఫ్రికా రాజకీయ వ్యవస్థల మీద వచ్చిన పుస్తకానికి ముందుమాట రాస్తూ బ్రిటిష్ ఆంత్రొపాలజిస్టు రాడ్‌క్లిఫ్-బ్రౌన్, రాజ్యమంటూ మనుషులకు పైన విడిగా ఏదీ లేదు, ఉన్నది మనుషులూ వాళ్ల మధ్య సంబంధాలే అన్నాడు. ఇక దీని జోలికి పోను.

రెండోది, జీవోలు చదివితే చాలట, ప్రభుత్వం అర్థమైపోతుందట. గురూ, నీ ఇంటి ప్లాన్ అప్రూవల్‌కి జీవో పట్టుకెళ్లావా, తెలిసినాయన ఫోన్ నంబరు పట్టుకెళ్లావా?

నాకు ఒళ్లు మండింది మూడోదానికి. "ఇప్పుడంతా ఆన్‌లైన్. సచివాలయం వీధి చివరే ఉంది. అయినా పెన్షన్ రాలేదంటే తప్పు వాళ్లదే." 2019 అక్టోబరు 2 నుంచి ఆఫీసు దగ్గరికొచ్చిన మాట నిజమే. మరి కాగితం? ఏజెన్సీలో ఆధార్ కార్డులు చూడండి, ఎంతమంది పుట్టింది జనవరి 1నో. తల్లులంతా మాట్లాడుకుని ఒకేరోజు కన్నారా? తేదీ తెలియనివాళ్లకి ఏడాది అంచనాకట్టి, జనవరి 1 అని టైపు చేసేశారు. ఆ అంచనా నాలుగేళ్లు తగ్గితే, కళ్లెదుట వంగిపోయి నిలబడ్డ మనిషికి కంప్యూటర్లో ఇంకా పెన్షన్ వయసు రాలేదు.

ఆంత్రొపాలజిస్టు అఖిల్ గుప్తా ఉత్తరప్రదేశ్‌లో ఆఫీసుల్లో కూర్చుని చూసి, 2012లో పుస్తకంగా రాసింది ఇలాంటి సంగతులే. అక్కడ వృద్ధాప్య పెన్షన్ల క్యాంపుకి వచ్చిన అధికారులు దుర్మార్గులేం కారు, ఇద్దామనే వచ్చారు. అయినా ఎవరికి దక్కుతుందో ఎవరికి దక్కదో అంతా గాలివాటం. ఆ గాలివాటమే పేదల ప్రాణాలు తీస్తోంది, ఎవరి చేతికీ నెత్తురంటకుండా, అన్నది ఆయన వాదన. మరి తప్పు ఎవరిది, ముసలమ్మదా? ఏటా 'నేను బతికే ఉన్నాను' అని సర్టిఫికెట్ ఇచ్చుకునే మన రిటైర్డ్ మిత్రులు, వేలిముద్ర పడకపోతే ఎంత టెన్షన్ పడతారో నాకు తెలీదా!

నాలుగోది, ఇది దొరల చదువని. అక్షరాలా నిజం. ఇక్కడా కొమురం భీం పోరాటం తర్వాత గోండుల బాధేంటో చూసి రమ్మని ఆస్ట్రియా ఆంత్రొపాలజిస్టు హైమన్‌డార్ఫ్‌ని పంపింది నిజాం ప్రభుత్వమే. ఏలేవాడి కోసం ఏలుబడిలోని వాళ్లను చదవడమన్నమాట. ఇన్నాళ్లకు అదే చదువు కౌంటరుకు అవతల కూర్చున్నవాళ్ల మీదికి మళ్లింది. మీకు కిట్టనిదీ సరిగ్గా అదే.