కీమో బాధలను ఓర్చుకొమ్మనే సందేశానికి ఖండన

పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న వారి కోసమంటూ ఒక వాట్సాప్ సందేశం వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్ వైపు కుటుంబాల గ్రూపుల్లో తిరుగుతోంది. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి. కీమో విషం కనుక వాంతులు, విరేచనాలు అయితే ఆపకూడదు, ఆ విషం వాటితోనే పోతుంది. చక్కెర, అన్నం మానేసి తిప్పతీగ కషాయం తాగితే ఒళ్లు శుభ్రపడుతుంది. జ్వరం వస్తే ఒంట్లో శక్తి పనిచేస్తున్నట్టు, ఒక మాత్ర వేసుకొని పడుకుంటే చాలు. చేతులు, కాళ్లు తిమ్మిరెక్కితే చల్లటి నీళ్లలో పెట్టాలి. ఇవేవీ తట్టుకోలేకపోతే కీమోను మధ్యలోనే ఆపేయాలి. పంపుతున్నవారు ప్రేమతోనే పంపుతుండవచ్చు. కానీ ఏ గంటల్లో రోగి డాక్టరుకు ఫోన్ చేయాలో, సరిగ్గా ఆ గంటల్లోనే ఓర్చుకొని ఊరుకొమ్మని ఈ సందేశం చెబుతోంది కాబట్టి, దీనిలోని ఒక్కో మాటను విడిగా పరిశీలించక తప్పదు.

విరేచనాలతో విషం పోతుందన్న మాట అన్నింటికంటే ప్రమాదకరమైనది. ఈ చికిత్సలో ఎక్కువగా వాడే 5-ఎఫ్‌యూ అనే మందు రక్తంలో నిలిచేది నిమిషాల లెక్కనే. పంపు ద్వారా 46 గంటలపాటు ఎక్కించినా, పంపు తీసేసిన తర్వాత త్వరలోనే అది రక్తంలో దాదాపు మిగలదు. దానిలో అధిక భాగాన్ని కాలేయంలోని ఒక ఎంజైమ్ విడగొడుతుంది. విరేచనాలు సాధారణంగా మొదలయ్యేది ఆ తర్వాత కొన్ని రోజులకు, అంటే బయటికి పోవడానికి అప్పటికి ఆ మందే లేదు. వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీయడం కీమో పని, పేగు లోపలి పొర కణాలు కొద్ది రోజులకొకసారి కొత్తగా పుడుతుండేవి. అందుకే ఆ పొర దెబ్బతిని నీటిని పీల్చుకోలేకపోతుంది. బయటికి పోయేది మన ఒంటికి అవసరమైన నీరు, సోడియం, పొటాషియం. ఇరినోటెకాన్ అనే మందు విషయంలో మాత్రం దాని చురుకైన రూపం పిత్తంతో కలిసి పేగులోకి వస్తుంది కనుక సందేశంలో కొంత నిజం ఉన్నట్టు అనిపించవచ్చు. అక్కడ కూడా విరేచనాలను వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టే, ఆ మందు ఇచ్చేటప్పుడు డాక్టర్లు విరేచనాలను ఆపే లోపెరమైడ్ మాత్రలు ముందుగానే రాసి ఇంటికి పంపుతారు. ఆపకూడదన్న సందేశం చదివిన కుటుంబం ఆ మాత్రల షీటును విప్పకుండా పక్కన పెడుతుంది.

ఒంట్లోకి వెళ్లాక 5-ఎఫ్‌యూగా మారే కాపిసిటబిన్ మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ మందు ఇంట్లోనే ఉంటుంది. సాధారణంగా తిన్న అరగంటలోపు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, 14 రోజులు వేసుకొని 7 రోజులు ఆపే ఈ మాత్రలను, విరేచనాలు అవుతున్నా మంచికేననుకొని మింగుతూ పోతే, దెబ్బతిన్న పేగుకు రోజుకు రెండుసార్లు మళ్లీ దెబ్బ తగులుతుంది. మామూలుగా వెళ్లేదానికంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువగా వెళ్లవలసి వచ్చినా, రాత్రి విరేచనాలు అయినా, తరువాతి మాత్ర వేసుకోకుండా ఆస్పత్రికి ఫోన్ చేయాలి. మలంలో రక్తం, జ్వరం, విపరీతమైన కడుపునొప్పి ఉంటే లోపెరమైడ్‌తో సరిపెట్టుకోకుండా వెంటనే బయలుదేరాలి. చిన్నపేగును కడుపు మీదికి తెచ్చి స్టోమా సంచి పెట్టిన వారు మరింత త్వరగా నీరసించిపోతారు. ఇంకొక సంగతి: కొందరిలో పుట్టుకతోనే, పైన చెప్పిన 5-ఎఫ్‌యూను విడగొట్టే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. అలాంటివారికి మొదటి సైకిల్‌లోనే (ఒక విడత మందు, దాని తర్వాతి విరామం కలిపితే ఒక సైకిల్) నోటి నిండా పుండ్లు, ఆగని విరేచనాలు రావచ్చు. మొదటిసారి కదా, అలాగే ఉంటుందిలే అని ఊరుకోవడానికి అందుకే వీలు లేదు.

వాంతుల విషయం దీర్ఘంగా చెప్పనక్కరలేదు. వాటిని ఆపడానికి ఒండాన్‌సెట్రాన్ వంటి మంచి మందులు ఉన్నాయి, అవి పనిచేయకపోతే వేరేవి కలుపుతారు, ఓర్చుకోవడం వల్ల క్యాన్సర్ పిసరంత కూడా తగ్గదు.

చక్కెర మానేయాలన్న మాట విరేచనాల సమయంలో నేరుగా హాని చేస్తుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో గ్లూకోజ్ ఉండేది రుచి కోసం కాదు. పేగు గోడ గుండా సోడియంను లోపలికి తీసుకుపోయేది గ్లూకోజే, ఆ రెండింటి వెంట నీరు వెళుతుంది. చక్కెర ఉందని భయపడి ఓఆర్‌ఎస్ మానేసి ఉత్త నీళ్లు తాగితే పోయిన లవణాలు తిరిగి రావు. మధుమేహం ఉన్నవారు డాక్టరును అడిగి తాగాలి తప్ప తమంతట తాము మానేయకూడదు. అన్నం మానేయడం కూడా ఇలాంటిదే. బరువు, కండ తగ్గేకొద్దీ కీమోను తట్టుకొనే శక్తి తగ్గుతుంది. మెత్తటి అన్నం, గంజి, అరటిపండు, బాగా ఉడికిన గుడ్డు ఈ రోజుల్లో రోగికి కావలసినవి. ఇక తిప్పతీగ సంగతికి వస్తే, దాన్ని వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో నివేదించారు. కీమో మందును విడగొట్టవలసిన కాలేయం మీద, పరీక్షించని మోతాదులో కషాయాన్ని రుద్దడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

జ్వరం గురించి చెప్పిన మాట చదివినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. కీమో ఎక్కిన తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ సమయంలో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, దాటిన జ్వరం ఒంట్లో శక్తి ఉందనడానికి గుర్తు కాదు. పోరాడే కణాలు లేని ఒంట్లోకి సూక్ష్మజీవులు చేరాయనడానికి గుర్తు కావచ్చు. ఆస్పత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ పడాలన్నది వైద్యంలో పాటించే నియమం. పారాసిటమాల్ వేసుకొని పడుకుంటే వేడి తగ్గుతుంది, లోపలి ఇన్ఫెక్షన్ తగ్గదు, తెల్లవారేసరికి బీపీ పడిపోయి మనిషి లేవలేని స్థితి రావచ్చు. ఇంట్లో థర్మామీటర్ ఉండాలి, మాత్ర వేయకముందే జ్వరం చూడాలి. ఏటూరునాగారం, మంగపేట వంటి చోట్ల నుంచి వరంగల్ చేరడానికి గంటలు పడుతుంది కనుక తెల్లారనిద్దామనే ఆలోచనే చేయకూడదు. 108కు ఫోన్ చేసి బయలుదేరాలి. వరంగల్‌లోని ఎంజీఎం ఆస్పత్రి అయినా మరొకటి అయినా, క్యాజువాల్టీలో అడుగు పెట్టగానే ‘కీమో నడుస్తోంది, చివరి డోసు ఫలానా తేదీన ఎక్కింది’ అని చెప్పి కీమో ఫైలు చేతికివ్వాలి. మామూలు జ్వరాల వరుసలో కూర్చోకూడదు.

తిమ్మిర్లకు చల్లటి నీళ్లన్న సలహా పూర్తిగా తలకిందులు. ఈ తిమ్మిర్లు ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరాల మీద చూపే ప్రభావం, వాటిని రెచ్చగొట్టేదే చల్లదనం. మందు ఎక్కిన తర్వాత కొన్ని రోజులపాటు ఫ్రిజ్‌లోని స్టీలు గిన్నె ముట్టుకున్నా వేళ్లలో కరెంటు పాకినట్టు అవుతుంది. చల్లటి నీళ్లు తాగితే గొంతు బిగుసుకొని ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. మే నెలలో మన దగ్గర కాసే ఎండలకు ఎవరి చేయి అయినా ఫ్రిజ్ వైపే పోతుంది, కాబట్టి ఆ రోజుల్లో రోగికి విడిగా చల్లదనం లేని నీళ్లు పెట్టి ఉంచాలి. మా చిన్నమ్మ ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లేది. చికిత్స సగానికి వచ్చేసరికి తొడిమ వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో చూస్తే తప్ప ఆమెకు తెలిసేది కాదు, జాకెట్టు హుక్కులు బిడ్డే పెట్టవలసి వచ్చేది. కీమో అంటే ఇంతే బిడ్డా అని ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుంది. రెండు సైకిళ్ల మధ్య కూడా పోని ఇలాంటి మొద్దుబారడం చల్లదనానికి వచ్చే తిమ్మిరి వంటిది కాదు. ఇది మోతాదు పెరిగేకొద్దీ పేరుకుపోతుంది, మందు ఆపిన తర్వాత కూడా కొన్ని నెలలు పెరగవచ్చు, కొందరిలో ఎప్పటికీ పూర్తిగా పోదు. తొందరగా చెబితేనే డాక్టరు చేయగలిగింది ఎక్కువ.

మధ్యలో ఆపేయమన్న చివరి సలహాకు జవాబు ఇక్కడే ఉంది. భరించడం, మానేయడం అనే రెండే దారులున్నట్టు సందేశం చెబుతుంది. డాక్టరు చేతిలో ఇంకా చాలా దారులు ఉన్నాయి: మోతాదు తగ్గించడం, ఒక వారం వాయిదా వేయడం, ఆక్సాలిప్లాటిన్ ఒక్కటి ఆపి మిగిలిన మందు కొనసాగించడం. మూడో దశలో ఆపరేషన్ అయిన వారికి ఆరు నెలల కీమో కావాలా, మూడు నెలలు చాలా అన్నదాని మీద 12 వేల మందికి పైగా రోగులతో జరిగిన ఐడియా అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. క్యాన్సర్ తిరిగి వచ్చే ప్రమాదం తక్కువగా ఉన్నవారిలో కాపిసిటబిన్, ఆక్సాలిప్లాటిన్ కలిపి ఇచ్చే పద్ధతికి మూడు నెలల చికిత్స దాదాపు అంతే మేలు చేసిందని, నరాల దెబ్బ మాత్రం చాలా తగ్గిందని తేలింది. అంటే కొందరికి చికిత్సను కుదించే వీలు నిజంగానే ఉంది, కానీ అది ఎవరికన్నది గడ్డ ఎంత లోతుకు పోయింది, ఎన్ని లింఫు గ్రంథులకు పాకింది అని ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని పరీక్షించి ఇచ్చే బయాప్సీ రిపోర్టును బట్టి తేలుతుంది. డబ్బు చాలక ఆపేయాలనుకునేవారు కూడా ముందు ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవాలి; రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు, కీమో కూడా ఆ పథకం కిందికి వస్తుంది.