ఐదు వాట్లని మరీ అంత తీసిపారేయకండి
హామ్ రేడియో (సరదాకి సొంత రేడియో స్టేషన్ పెట్టుకుని మాట్లాడుకోవడం) మీద వచ్చిన వ్యాసంలో, ట్రాన్స్‌మిటర్‌కి 100 వాట్లు లేకపోతే హెచ్ఎఫ్‌లో, అంటే దూరాలకి వెళ్లే షార్ట్‌వేవ్‌లో, మనం ఎవరికీ వినపడం అన్నట్టు రాశారు, నాకైతే ఒప్పుకోబుద్ధి కాలేదండి. లెక్క చూడండి, 5 వాట్ల నించి 100కి వెళ్తే సిగ్నల్ బలం పెరిగేది 13 డెసిబెల్సే, అంటే అవతల వినేవాళ్ల రేడియోలో సిగ్నల్ మీటర్ మీద రెండు ఎస్ యూనిట్ల (ఆ మీటర్ మీద ఉండే అంకెల) పైచిలుకు అంతే, 100 నించి 400కి పోతే ఒక్క యూనిట్, దానికోసం ఆంప్లిఫయర్ కొని పక్కింటోళ్ల స్పీకర్లలో మన గొంతు మోగించి తిట్లు తినడం ఎందుకు చెప్పండి. అందులో సగం డబ్బుతో డైపోల్ (తీగ యాంటెన్నా) ఇంకో పది అడుగులు పైకి కట్టుకుంటే మనకి వినపడేది కూడా బాగుపడుద్ది, పవర్ పెంచితే చెవులు పెరగవు కదా. కాకపోతే ఇదంతా మోర్స్ కోడ్‌కీ, ఎఫ్‌టీ8కీ (కంప్యూటర్‌తో చిన్న మెసేజ్‌లు పంపే పద్ధతి) బాగా చెల్లుద్ది, రాత్రిపూట 40 మీటర్ల బ్యాండ్ మీద వాయిస్‌లో 5 వాట్లతో పిలిస్తే మాత్రం గొంతు ఎండిపోవడమే, తుఫాను టైంలో ఆ ఉరుముల గరగరలో మెసేజ్ దాటించాలన్నా 100 ఉంటేనే ధైర్యం.