ఎనిమిది పైసలు మనవే, లెక్క ఎవరి దగ్గర?

మీ ఇంటి పన్ను కాగితం ఒకసారి బయటికి తీసి చూడండి. మిగతా పద్దుల పక్కన లైబ్రరీ సెస్ అని ఒకటి ఉంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. రెండున్నర వేలు పన్ను కట్టే ఇంటి నుంచి 200 రూపాయలు గ్రంథాలయం పేరు మీద పోతున్నాయి. ఇది నిన్నమొన్న వచ్చిన పన్ను కాదు, 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఏళ్లుగా కడుతున్నదే. హనుమకొండలో మూడంతస్తుల ఇల్లున్నవాళ్లూ కడుతున్నారు, ములుగు దిక్కు రేకుల ఇల్లున్నవాళ్లూ కడుతున్నారు. గ్రంథాలయం గడప తొక్కనివాళ్లు కూడా కడుతున్నారు. ఆ డబ్బు మన మండలంలో ఎంత వసూలైంది, అందులో గ్రంథాలయ సంస్థకు ఎంత చేరింది, దాంతో ఏం కొన్నారు అని రాసిన కాగితం మాత్రం నేను తిరిగిన ఏ గ్రంథాలయం గోడ మీదా కనబడలేదు.

నేను ప్రభుత్వ బడిలో తెలుగు చెప్తాను. పిల్లలకు పుస్తకాలు ఇప్పించడానికి శాఖా గ్రంథాలయాల చుట్టూ తిరిగేదాన్ని. అందుకే ఈ విషయంలో నాకు బాధ ఎక్కువ, కోపమూ ఎక్కువే. గ్రంథాలయాన్ని నడిపే చోట దాన్ని వాడేవాళ్లకు ఒక్క కుర్చీ కూడా లేదు. నా గొడవంతా అదే.

ఇప్పుడు ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జిల్లాకు ఒక గ్రంథాలయ సంస్థ ఉంటుంది. దాని ఛైర్మన్ నామినేటెడ్ పోస్టు, రాష్ట్ర ప్రభుత్వం వేస్తుంది. ప్రభుత్వం మారితే కుర్చీ ఖాళీ అవుతుంది, కొత్తవాళ్లు వచ్చేదాకా ఒక అధికారి ఇన్‌చార్జిగా చూస్తారు. సెస్ వసూలు చేసేది పంచాయతీలు, మునిసిపాలిటీలు. వసూలు చేసి సంస్థకు జమ చేయాలి. సరిగ్గా ఇక్కడే డబ్బు ఆగిపోతుంది. ఇంటి పన్నుతో పాటే వచ్చిన సొమ్ము జీతాలకో, ట్రాక్టర్ డీజిల్‌కో, మరో అవసరానికో ఖర్చయిపోతుంది. గ్రంథాలయం వాటా బకాయి కింద పడి ఉంటుంది. బకాయిల గురించి పేపర్లో వార్త వస్తుంది, మళ్లీ ఏడాదికి అదే వార్త ఇంకాస్త పెద్ద అంకెతో వస్తుంది. పంచాయతీలకు డబ్బు ఇబ్బంది లేదని నేను అనను. కానీ ఫలానా పని కోసం అని చెప్పి జనం దగ్గర తీసుకున్న పైసలను ఇంకో పనికి వాడుకునే హక్కు ఎవరికీ లేదు.

పదవుల సంగతి చూడండి. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2019లో ములుగు కూడా జిల్లా అయింది. ఇప్పుడు లెక్కేస్తే వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు. జిల్లాలు పెరిగితే ఛైర్మన్ పదవులూ పెరిగాయి. గ్రంథపాలకులు పెరిగారా? ఒక్కరే రెండు మూడు శాఖలకు ఇన్‌చార్జి. ఇక్కడ తాళం తీసిన రోజు అక్కడ పార్ట్‌టైం మనిషే దిక్కు. ఆ పార్ట్‌టైం మనిషి ఊడ్చి, పేపర్లు సర్ది, కుర్చీలు వేసి, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించి, సాయంత్రం తాళం వేసి పోతాడు. ఇచ్చేది చూస్తే వినడానికే సిగ్గుగా ఉంటుంది.

ఒక మండల కేంద్రంలో చూసింది చెప్తాను. ఊరి పేరు అనవసరం, అక్కడి ఉద్యోగిది తప్పు కాదు కాబట్టి. లోపలి గదిలో నాలుగు అట్టపెట్టెలు, ప్లాస్టిక్ తాడు కూడా విప్పలేదు. అన్నీ కొత్త పుస్తకాలే. వాటి మీద ముద్ర వేయాలి, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రాసే అక్సెషన్ రిజిస్టర్‌లో నంబరు ఎక్కించాలి, అప్పుడే బీరువాలోకి పోతాయి. ఆ పని చేయాల్సిన మనిషి వారంలో రెండు రోజులే వస్తాడు, ఆ రెండు రోజులూ వేరే రిపోర్టులతోనే సరిపోతుంది. బయట హాల్లో అద్దాల బీరువాలు, అన్నిటికీ తాళాలు. అద్దం మీద దుమ్ము తుడిచి, లోపల వీపులు కనబడుతున్న పుస్తకాల పేర్లు మా పిల్లలు చదువుతున్నారు. "తాళం తీస్తారా సార్" అని అడిగితే ఆయన, "మేడం, ఒక్క పుస్తకం తగ్గినా ఆడిట్‌లో నా మీదే రాస్తారు. రిటైర్మెంట్ దగ్గర పడ్డది, నన్ను ఇబ్బంది పెట్టకండి" అన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. పుస్తకం అరిగిపోయేదాకా చదివించినవాడికి శిక్ష, తాళం వేసి భద్రంగా పెట్టినవాడికి క్లీన్ చిట్ ఇచ్చే పద్ధతి మీద వచ్చింది.

ఈ భయానికి మందు లేదా అంటే ఉంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017, 215వ నియమం చూడండి. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, వాళ్లు తీసి చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే, అందులో మోసమూ నిర్లక్ష్యమూ లేకపోతే, దాన్ని మామూలు నష్టంగానే తీసుకోవచ్చు అంటుంది. అది కేంద్ర సంస్థలకు రాసుకున్న నియమం. అలాంటి భరోసా మన శాఖా గ్రంథపాలకుడికి కూడా కాగితం మీద రాసి ఇవ్వండి, రేపే బీరువాలు తెరుచుకుంటాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

వేళల సంగతి ఇంకో అన్యాయం. శాఖా గ్రంథాలయాలు చాలా చోట్ల పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. ఈ వేళలు పెట్టినవాళ్లు ఏ ఆడమనిషినీ అడిగి ఉండరు. పొద్దున ఎనిమిదికి పొయ్యి దగ్గర ఉంటాం, పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతుంటాం. సాయంత్రం ఐదయ్యేసరికి మళ్లీ వంట. ఇంట్లో ఉండే ఆడవాళ్లకు కాస్త తీరిక దొరికేది మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య. సరిగ్గా అప్పుడే తలుపు మూసి ఉంటుంది. పైగా చాలా చోట్ల ఆడవాళ్లకు బాత్రూం ఉండదు, ఉన్నా నీళ్లుండవు. ఆ తర్వాత "మహిళా పాఠకులు రావడం లేదు" అని రిపోర్టు రాస్తారు. ఇద్దరు ఆడవాళ్లను కమిటీలో కూర్చోబెడితే మొదటి మీటింగ్‌లోనే తేలిపోయే విషయం ఇది.

ఇక ఉద్యోగాలకు చదివే పిల్లల సంగతి. హనుమకొండలో గాని, మహబూబాబాద్‌లో గాని, జనగామలో గాని జిల్లా గ్రంథాలయానికి పొద్దున్నే పోయి చూడండి. గేటు తీయకముందే గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పిల్లలు బ్యాగులతో నిలబడి ఉంటారు. కుర్చీ మీద వాటర్ బాటిల్ పెట్టి సీటు ఆపుకుంటారు. హాలు నిండితే చెట్టు కింద కూర్చుంటారు, మెట్ల మీద కూర్చుంటారు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చి, రూములో ముగ్గురు నలుగురు ఉంటూ, ఒక పూట తిని చదివే పిల్లలు. వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వాళ్లకు ఫ్యాను, వెలుతురు, తాగే నీళ్లు, రాత్రి దాకా తెరిచి ఉండే హాలు ఇవ్వాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు.

కానీ వాళ్లు చదివేది వాళ్లు తెచ్చుకున్న పుస్తకాలు. గ్రంథాలయం వాళ్లకు ఇస్తున్నది కుర్చీ మాత్రమే. హాలు నిండిన ఫోటో చూపించి గ్రంథాలయం బ్రహ్మాండంగా నడుస్తోంది అనుకుంటే ఎట్లా? పక్క గదిలో ఇష్యూ రిజిస్టర్ తెరిచి చూడండి, వారమంతా కలిపి ఎన్ని పుస్తకాలు ఇంటికి పోయాయో తెలుస్తుంది. పేపర్ చదవడానికి వచ్చే ముసలాయనకు చోటు లేదు, పిల్లలు గట్టిగా బొమ్మల కథ చదువుకుంటే "సైలెన్స్" అని గదమాయింపు. తప్పు చదివే పిల్లలది కాదు, ఆడుకునే పిల్లలది కాదు. ఇద్దరికీ చెరో గది కావాలి. ఏ గది ఎవరికి, ఏ వేళ ఎవరికి అన్నది హైదరాబాద్‌లో తేలదు. ఆ గ్రంథాలయానికి రోజూ వచ్చేవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే తేలుతుంది.

పుస్తకాల ఎంపికా అంతే. ఏం కొనాలో పైన తేలుతుంది, కింద పెట్టెలు దిగుతాయి. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ 1972 నుంచి రాష్ట్రాలకు పుస్తకాల సాయం చేస్తోంది, మ్యాచింగ్ పథకాల్లో రాష్ట్రం తన వాటా పెడితేనే ఫౌండేషన్ వాటా వస్తుంది. మంచిదే. కానీ మా పిల్లలకు ఏం కావాలో ఏ లిస్టులోనూ ఎవరూ అడగలేదు. కోయ పిల్లలున్న ఏటూరునాగారం దిక్కుకీ, హనుమకొండ సిటీకీ ఒకే రకం పుస్తకాలు పోతే ఎట్లా సరిపోతాయి? ప్రతి శాఖలో ఒక డిమాండ్ రిజిస్టర్ పెట్టి, పాఠకులు రాసినవి కొంతయినా కొనాలన్న నియమం కావాలి.

జనం నడపలేరు అనేవాళ్లకు ఒక సంగతి గుర్తు చేస్తాను. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పుట్టింది 1904లో. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టిన మూడేళ్లకే. అప్పుడు రాజ్యం నిజాంది, ఆఫీసుల్లో ఉర్దూ, బడిలో ఉర్దూ. తెలుగు పుస్తకం చదవాలంటే నలుగురు కలిసి చందాలు వేసుకుని గ్రంథాలయం పెట్టుకోవాల్సిందే. తర్వాత మట్టెవాడలో శబ్దానుశాసనాంధ్ర భాషా నిలయం వచ్చింది. సభ పెట్టాలన్నా ముందే అనుమతి తీసుకోవాలనే గస్తీ నిషాన్ 53 నడిచిన కాలంలో కూడా వాటిని నిలబెట్టారు. కాళోజీ లాంటి వాళ్లు తిరిగిన చోట్లు అవి. అంత బెదిరింపు మధ్య, అన్ని తక్కువ డబ్బులతో గ్రంథాలయాలు నడిపిన ఊరి జనానికి ఇవాళ ఒక రీడింగ్ హాలు వేళలు నిర్ణయించడం చేతకాదా?

వేరే రాష్ట్రంలో జరుగుతున్నది కూడా చూడండి. కేరళలో 1989 చట్టం కింద ఊరి గ్రంథాలయాన్ని దాని సభ్యులు ఎన్నుకున్న కమిటీ నడుపుతుంది. ఆ గ్రంథాలయాల ప్రతినిధులతో తాలూకా కౌన్సిల్, పైన జిల్లా కౌన్సిల్, ఆ పైన రాష్ట్ర కౌన్సిల్. గ్రేడును బట్టి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. అక్కడ సెస్ 5 పైసలు, మనది 8. కాబట్టి మన దగ్గర పన్ను తక్కువ అనే మాట చెల్లదు. అక్కడా పార్టీలున్నాయి, కొట్లాటలున్నాయి. అయినా కింద నుంచి పైకి పోయే దారి ఒకటి ఉంది. మన దగ్గర ఉన్నదల్లా పై నుంచి కిందికి వచ్చే దారే.

నేను అడిగేది గ్రంథాలయాలను ఎవరికో అప్పజెప్పమని కాదు. జీతాలు ప్రభుత్వమే ఇవ్వాలి, ఖాళీలు ప్రభుత్వమే నింపాలి, లైబ్రరీ సైన్స్ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలకు నోటిఫికేషన్ ఇవ్వాలి. స్వచ్ఛంద సేవ పేరుతో ఆ బాధ్యత మా మీద రుద్దితే ఒప్పుకోను. కానీ ప్రతి శాఖకూ పాఠకుల సంఘం ఉండాలి. సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లు ఎన్నుకున్నది, సగం ఆడవాళ్లు, ఒక టీచర్, ఉద్యోగాలకు చదివే పిల్లల్లో ఒకరు. వేళలు, గదులు, పేపర్లు, పుస్తకాల డిమాండ్ లిస్టు వాళ్ల చేతిలో ఉండాలి. జిల్లా సంస్థలో ఆ సంఘాల నుంచి సభ్యులు ఉండాలి. నిజంగా పని చేసిన ఛైర్మన్లు లేకపోలేదు, వాళ్లకు ఇది బలమే అవుతుంది.

చట్టం మారేదాకా కూర్చోవాల్సిన పని లేదు. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ముగ్గుల పోటీలు, వ్యాసరచన పోటీలు పెడతారు, పెద్దవాళ్లు వస్తారు, మైకు ఉంటుంది. పోటీలు జరగనివ్వండి. చివర్లో లేచి మన మండలం నుంచి సెస్ ఎంత వసూలైంది, ఎంత జమ అయింది, బకాయి ఎంత అని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడు ప్రశ్నలు చాలు: గత మూడేళ్లలో వసూలైన లైబ్రరీ సెస్, గ్రంథాలయ సంస్థకు జమ చేసిన మొత్తం, జమ చేసిన తేదీలు. పంచాయతీకి ఒకటి, మునిసిపాలిటీ అయితే మునిసిపాలిటీకి ఒకటి, జిల్లా సంస్థకు ఒకటి వేయండి. రెండు వైపుల అంకెలూ పక్కపక్కన పెడితే డబ్బు ఎక్కడ ఆగిందో మీకే తెలుస్తుంది. ఉమ్మడి వరంగల్‌లో ఎవరికైనా అర్జీ రాయడం ఇబ్బందిగా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఆదివారాలు కూర్చుని రాసిపెడతాను.